చారల లేజరు వెలుగులో అతివేగ చిత్రీకరణ: ఒకే ఫోటోలో నాలుగు క్షణాలు ఎలా ఇముడుతాయి?

మీరు శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నారనీ, స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో సెకనుకు 5 లక్షల కోట్ల ఫ్రేముల వేగంతో చిత్రీకరించే పద్ధతి ఒకటి రూపొందిందని చదివారనీ రాశారు. మీరడిగిన సంగతులు మూడు. ఏ సెన్సరూ అంత వేగంగా చిత్రాలను చదివి పంపలేనప్పుడు ఆ వేగం ఎక్కడి నుండి వచ్చింది? లేజరు వెలుగుకు చారలు ఎందుకు కల్పించాలి? ఫెమ్టోసెకను లేజరు లేని మీ కళాశాల ప్రయోగశాలలో ఈ సూత్రాన్ని చేసి చూడవచ్చునా? నేను ఇరవై ఏళ్లకు పైగా లేజరు ప్రయోగశాలల్లో పనిచేసి ఇప్పుడు విజయనగరంలో స్థిరపడ్డాను. ఈ పద్ధతి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది కనుక సమాధానం కొంత పొడవైతే ఓపికతో చదవండి.

ఆ ప్రయోగంలో వాడిన కెమెరాకు అద్భుతమైన వేగమేమీ అక్కరలేదు. ప్రయోగం జరిగినంతసేపూ దాని షట్టరు తెరిచే ఉంటుంది, అది పట్టుకునే ఫోటో కూడా ఒక్కటే. కాలాన్ని ముక్కలుగా కోసే పని వెలుగు చేస్తుంది. వానాకాలపు రాత్రి ఉద్దానం కొబ్బరి తోటల్లో పెద్ద మెరుపు మెరిసినప్పుడు, అప్పటిదాకా ఈదురుగాలికి ఊగుతున్న మట్టలు ఎక్కడివక్కడ నిలిచిపోయినట్లు కనిపించడం మీరు చూసే ఉంటారు. అప్పుడు మన కన్ను వేగం పెరగలేదు, వెలుగు నిడివి తగ్గింది. 1887లో ఎర్నస్ట్ మాఖ్, పీటర్ సాల్షర్ ప్రచురించిన తుపాకీ గుండు ఛాయాచిత్రాలు విద్యుత్ స్ఫులింగపు వెలుగులో తీసినవే. 1930ల నుండి అమెరికాలోని ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్గర్టన్ స్ట్రోబ్ దీపాలతో చేసిన పని కూడా ఈ సూత్రం మీదే నడిచింది. గదిని చీకటి చేసి, షట్టరు తెరిచి ఉంచి, దీపాన్ని ఒక్క మైక్రోసెకను పాటు వెలిగిస్తే ఆ మైక్రోసెకనే ఫోటోగా మిగులుతుంది. లేజరు పల్సు ఈ నిడివిని ఎన్నో మెట్లు కిందికి దించింది. ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్ల వంతు. నేటి టైటానియం-సఫైర్ లేజరు 100 ఫెమ్టోసెకన్ల పల్సులను మామూలుగానే ఇస్తుంది.

ఒక మెరుపు ఒక ఫోటోనే ఇస్తుంది. చలనచిత్రం కావాలంటే వెంటవెంటనే అనేక మెరుపులు కావాలి, వాటి మధ్య ఎడం ఫెమ్టోసెకన్లలో ఉండాలి. ఏ విద్యుత్ వలయమూ అంత త్వరగా స్విచ్చి వేయలేదు గనుక ఆ పనిని దూరానికి అప్పగిస్తారు. కాంతి ఒక పికోసెకనులో, అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లలో, 0.3 మిల్లీమీటర్లు నడుస్తుంది. ఒకే పల్సును బీమ్ స్ప్లిటర్లతో నాలుగుగా చీల్చి, నాలుగింటినీ నాలుగు దారుల్లో నడిపించి, ఒక్కొక్క దారిని ముందరిదానికంటే 0.06 మిల్లీమీటర్లు పొడవుగా అమర్చి, చివరకు అన్నిటినీ ఒకే రేఖ మీదికి తెస్తే, ఆ నాలుగు పల్సులూ 200 ఫెమ్టోసెకన్ల ఎడంతో వస్తువును చేరుతాయి. 0.06 మిల్లీమీటర్లంటే దాదాపు ఒక వెంట్రుక మందం. మీ ప్రయోగశాలలోని స్క్రూగేజిని గుర్తు చేసుకోండి. దాని కనీస కొలత 0.01 మిల్లీమీటరు. అటువంటి మర మీద ఒక అద్దాన్ని బిగించి ఒక్క గీత జరిపితే, కాంతి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ దూరం నడవాలి కాబట్టి దారి 0.02 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలంలో అది 67 ఫెమ్టోసెకన్లు. ఇంటర్మీడియట్ నుండి మనం చేతుల్లో పట్టుకుని తిప్పిన మర ఇంత చిన్న కాలాన్ని కొలవగలదని మొదటిసారి గ్రహించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. సెకనుకు 5 లక్షల కోట్లు అనే అంకె కూడా ఇక్కడి నుండే వచ్చింది. అది 200 ఫెమ్టోసెకన్లకు విలోమం.

ఇప్పుడు రెండవ సందేహానికి వద్దాం. నాలుగు పల్సులూ వస్తువును దాటి కెమెరాను చేరాయి, షట్టరు తెరిచే ఉంది, సెన్సర్ మీద నాలుగు చిత్రాలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పాతకాలపు ఫిల్ము కెమెరాలో రీలు తిప్పడం మరచి రెండు ఫోటోలు ఒకే ఫ్రేము మీద తీసినట్లయింది పరిస్థితి. ఏ ఛాయ ఏ క్షణానిదో చెప్పే గుర్తు ఆ ఫోటోలో లేదు. అందుకే వస్తువును చేరకముందే ఒక్కొక్క పల్సు మీద ఒక్కొక్క చిరునామా రాస్తారు. ప్రతి దారిలోనూ సమానమైన గీతలున్న గ్రేటింగ్ పలకను నిలిపి, దాని ప్రతిబింబం సరిగ్గా వస్తువు ఉన్న తలం మీద పడేటట్లు కటకాలను అమర్చుతారు. నాలుగు పలకల గీతలూ నాలుగు వేర్వేరు కోణాల్లో వాలి ఉంటాయి. మొదటి క్షణం వస్తువు మీద ఒక వాలు చారలు, రెండవ క్షణం మరొక వాలు చారలు పడతాయన్న మాట. చివరకు వచ్చిన ఫోటో కంటికి అల్లిబిల్లి గీతల గందరగోళంగా కనిపించినా, ఏ క్షణపు సమాచారం ఏ వాలు చారల మీద ఎక్కి ఉందో మనకు ముందే తెలుసు.

విడదీసే గణితం మీకు కొత్తది కాదు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మీడియం వేవ్ ప్రసారాన్ని మీ ఇంటి రేడియో పట్టుకునే గణితమే ఇది. ఏరియల్‌కు అన్ని కేంద్రాల తరంగాలూ ఒకేసారి తగులుతాయి. మనం ముల్లు తిప్పి ఒక వాహక పౌనఃపున్యాన్ని ఎంచుకుంటే, ఆ వాహకం మీద ఎక్కిన గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఇక్కడ వాహకం చారల పౌనఃపున్యం, గొంతు ఆ క్షణపు చిత్రం. ఫోటోలోని ప్రతి బిందువు తీవ్రతనూ ఒక ఎంపిక చేసిన వాలు చారల కొసైన్‌తో గుణిస్తే, ఆ చారల మీద ఎక్కిన చిత్రం సున్నా పౌనఃపున్యం వద్దకు దిగివస్తుంది, మిగిలినవన్నీ దూరాన ఉండిపోతాయి. తక్కువ పౌనఃపున్యాలను మాత్రమే దాటనిచ్చే ఒక లోపాస్ ఫిల్టర్ వాటిని తీసివేస్తుంది. చారలు మొదలైన చోటు, అంటే వాటి దశ, కచ్చితంగా తెలియకపోయినా ఫరవాలేదు. సైన్‌తో ఒకసారి, కొసైన్‌తో ఒకసారి గుణించి, రెండు ఫలితాల వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే దశ ప్రమేయం లేకుండా చిత్రం చేతికి వస్తుంది. ఇదే పనిని నాలుగు వాలులకూ చేస్తే నాలుగు చిత్రాలు వస్తాయి. లుండ్ బృందం తమ పద్ధతికి ఫ్రేమ్ అని పేరు పెట్టింది. బహుళ ఎక్స్‌పోజర్లను పౌనఃపున్యం బట్టి గుర్తించే గణన విధానం అనే అర్థమిచ్చే ఆంగ్లపదాల మొదటి అక్షరాల కూర్పు అది.

చిత్రంలోని ముతక మార్పులను నడిమధ్యన, సన్నని మార్పులను అంచుల వైపు పరిచి చూపే పటాన్ని ఫోరియర్ తలం అంటారు. అందులో దీనిని ఊహించుకుంటే ఇంకా స్పష్టమవుతుంది. చారలు లేని సాధారణ చిత్రపు సమాచారంలో ఎక్కువ భాగం ఆ తలం నడిమధ్యన గుమిగూడి ఉంటుంది, అంచుల వైపు తలం చాలావరకు ఖాళీ. చారలు వేయడమంటే చిత్రపు నకలును నడిమధ్య నుండి తీసి ఆ ఖాళీ స్థలంలో ఒక మూలన నాటడమే. వాలు మారితే దిక్కు మారుతుంది, చారల సన్నదనం మారితే దూరం మారుతుంది. రెండు దోమతెరలను ఒకదానిమీద ఒకటి పరచి, పైదానిని కొద్దిగా తిప్పి చూడండి. ఏ తెరలోనూ లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి, తిప్పిన కొద్దీ అవి పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. సన్నని గీతల మీద సన్నని గీతలు పడినప్పుడు వాటి తేడా ముతక అలగా కంటికి దిగివస్తుంది. కంప్యూటర్ చేసే గుణకారం ఆ రెండవ దోమతెరతో సమానం.

లుండ్ పరిశోధకులు ఎలియాస్ క్రిస్టెన్సన్, ఆండ్రియాస్ ఏన్, వారి సహచరులు 2017లో ఈ ఫలితాన్ని ప్రకటించినప్పుడు, చూపడానికి ఎంచుకున్న దృశ్యం కాంతి ప్రయాణమే. ఒక బలమైన పల్సు కెర్ ప్రభావం చూపే పారదర్శక పదార్థం గుండా పోతున్నప్పుడు, ఆ క్షణాన అది ఉన్న చోట మాత్రమే పదార్థపు ధ్రువణ లక్షణం మారుతుంది. చారలున్న పల్సులను అడ్డంగా పంపి, ఒకదానికొకటి లంబంగా ఉంచిన రెండు పోలరైజర్ల మధ్య నుండి చూస్తే, ఆ ఒక్క చోటే వెలుతురు కనిపిస్తుంది. ఒక కాగితం మందమంత దూరం కాంతి నడవడాన్ని వారు ఆ విధంగా చిత్రీకరించారు. నిజంలో ఆ నడకకు పట్టేది సుమారు ఒక పికోసెకను.

ఈ ఆలోచన ఒక్కసారిగా ఊడిపడినది కాదు. లుండ్‌లోని దహన భౌతికశాస్త్ర విభాగంలో ఇంధన తుంపరలను పరిశీలించేవారికి ఎంతో కాలంగా ఒక చిక్కు ఉండేది. మన జాతీయ రహదారి మీద చలికాలపు తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్మినప్పుడు లారీ దీపాలు ఎంత వెలిగించినా ఎదుట తెల్లని గోడే కనిపిస్తుంది. వెలుగు ఒక బిందువు నుండి మరొక బిందువుకు తగిలి తగిలి, ఎక్కడి నుండి వచ్చిందో చెప్పలేని స్థితికి చేరడం దానికి కారణం. ఇంజను లోపలి డీజిల్ తుంపరలో జరిగేదీ ఇదే. పలుచని పలకలా పరచిన లేజరు వెలుగుకు చారలు కల్పిస్తే, ఒకే ఒక్కసారి తగిలి నేరుగా వచ్చిన వెలుగు చారలను నిలుపుకుంటుంది, అనేకసార్లు తగిలి వచ్చిన వెలుగు వాటిని పోగొట్టుకుంటుంది. చారలున్న వెలుగును మాత్రమే ఉంచుకుంటే మంచు తొలగిపోతుంది. 2008లో ఎడ్వర్డ్ బెరోకాల్, క్రిస్టెన్సన్ తదితరులు చూపిన ఆ విధానానికి మూలం, 1997లో నీల్, యుష్కైటిస్, విల్సన్ సూక్ష్మదర్శినిలో చారల వెలుగుతో ఒకే లోతులోని పొరను విడదీసి చూపిన పని. మంచును తీసివేయడానికి పెట్టిన గుర్తు కాలాన్ని విడదీయడానికి కూడా పనికివస్తుందని గ్రహించడంలోనే ఈ శాస్త్రవేత్తల ప్రతిభ ఉందని నా అభిప్రాయం.

ఇక దీనికి చెల్లించవలసిన ధరను గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పత్రికల వార్తల్లో ఆ భాగం ఉండదు. మొదటి ధర సూక్ష్మత. ఫోరియర్ తలంలో ఒక్కొక్క చిత్రానికి కేటాయించిన జాగా పరిమితం, పక్కవారి జాగాలోకి చొరబడకుండా ఫిల్టర్‌తో దాని చుట్టూ కంచె వేయాలి. కంచె ఎంత బిగుతుగా ఉంటే చిత్రం అంత మసకబారుతుంది. మొత్తం మీద చార వెడల్పుకంటే సన్నని వివరం దేనినీ ఈ పద్ధతి నిలుపుకోలేదు. అలాగని చారలను ఇష్టం వచ్చినంత సన్నగా చేయడానికీ వీలులేదు. సెన్సర్ మీద ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిసి సిద్ధాంతరీత్యా కనీసం 2 పిక్సెళ్లు, ఆచరణలో 4 లేదా 5 పిక్సెళ్లు ఆక్రమించాలి. 5 మైక్రోమీటర్ల పిక్సెల్ ఉన్న సెన్సర్ మీద 5 పిక్సెళ్లకు ఒక చార చొప్పున వేస్తే మిల్లీమీటరుకు 40 చారలు వస్తాయి. చిత్రాల సంఖ్యను పెంచాలనుకున్న కొద్దీ ఒక్కొక్కదాని జాగా తరిగిపోతుంది.

రెండవ ధర వెలుగు వాటా. ఒక పిక్సెల్ 10,000 ఎలక్ట్రాన్లను పట్టుకోగలదనుకుందాం. ఒకే చిత్రమైతే ఆ మొత్తాన్నీ అదే వాడుకుంటుంది. ఫోటాన్ల సహజమైన ఒడిదుడుకు వర్గమూలం చొప్పున 100, అంటే 1 శాతం. నాలుగు చిత్రాలు పంచుకుంటే ఒక్కొక్కదాని వాటా 2,500కు పడిపోతుంది. అయితే ఒడిదుడుకు మొత్తం 10,000కు చెందినది కాబట్టి ఆ 100 నాలుగింటిలోనూ కనబడుతుంది, అది 4 శాతం అవుతుంది. ఫిల్టర్ కొంత సర్ది ఈ నష్టాన్ని తగ్గిస్తుంది, కానీ పూర్తిగా పూడ్చలేదు. పైగా చారల నలుపు నిజమైన నలుపుగా ఉండకపోతే, వాహకం బలహీనపడి సంకేతం ఇంకా తగ్గుతుంది. చారల స్పష్టతను రోజూ కొలిచి రాసుకోమని నా దగ్గర పనిచేసిన ప్రతి విద్యార్థికీ చెప్పేవాడిని.

మూడవది, వాలు కోణాలను ఎంచుకోవడంలో జాగ్రత్త. నాలుగు చిత్రాలనగానే 0, 45, 90, 135 డిగ్రీలు అని అందరికీ తోస్తుంది. అది పొరపాటు. ఫోటో అంచుల వలన, గోడలు, బల్లలు, పాత్రల నిట్టనిలువు, అడ్డు గీతల వలన ఫోరియర్ తలంలో నిలువు అడ్డ అక్షాల మీద ఎప్పుడూ ఒక ప్రకాశవంతమైన శిలువ గుర్తు ఉంటుంది. ఆ అక్షాల మీద చిరునామా పెడితే చెత్త అంతా ఆ చిత్రంలోకి కొట్టుకువస్తుంది. 22.5, 67.5, 112.5, 157.5 డిగ్రీలు పెట్టుకుంటే నాలుగూ అక్షాలకు సమదూరంలో ఉంటాయి. నలుపు తెలుపు గీతల గ్రేటింగ్‌కు మూడవ, అయిదవ హార్మోనిక్‌లు, అంటే మూడు రెట్లు, అయిదు రెట్లు సన్నని తోడు చారలు, కూడా ఉంటాయి. మూడవదాని బలం మొదటిదానిలో మూడవ వంతు. అవి మరొకరి జాగాలో పడకుండా ముందే లెక్క వేసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వస్తువుకే స్వయంగా సమానమైన అల్లిక ఉంటే ఈ పద్ధతి మోసపోతుంది. పొందూరు ఖద్దరు పంచెను ఈ విధంగా చిత్రీకరిస్తే పడుగు పేకల గీతలు ఏదో ఒక చిరునామాకు దగ్గరగా వచ్చి, లేని క్షణాన్ని ఉన్నట్లు చూపవచ్చు.

ఈ ధరలన్నీ చెల్లించి ఎందుకు వాడాలి అంటే, తిరిగి జరగని సంఘటనల కోసం. అదే సంఘటనను వెయ్యిసార్లు మళ్లీ మళ్లీ జరిపించగలిగితే, ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా ఒక్కొక్క ఫోటో తీసి పేర్చుకునే పంప్-ప్రోబ్ పద్ధతి చాలు. రసాయన బంధాలు తెగడాన్ని ఆ విధంగా గమనించినందుకే అహ్మద్ జువైల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చింది. 2011లో ఎం.ఐ.టి.లో, నాసిక్‌లో పుట్టిన రమేశ్ రస్కర్ బృందం సీసాలో కాంతి నడకను చూపిన ప్రసిద్ధ వీడియో కూడా లెక్కలేనన్ని పల్సులను మళ్లీ మళ్లీ పంపి పోగుచేసినదే. కానీ ఒక విద్యుత్ స్ఫులింగం, ఒక మంటలో మసి పుట్టుక, ఒక గాజు పలక మీద లేజరు తాకిడికి లేచే ప్లాస్మా ఒకసారి జరిగినట్లు రెండవసారి జరగవు. అక్కడ ఒక్క దెబ్బలోనే చలనచిత్రమంతా దొరకాలి.

ఒక్క దెబ్బలో తీసే పద్ధతులు వేరేవి కూడా ఉన్నాయి, వాటితో పోల్చి చూడడం మంచిది. 2014లో జపాన్‌లో కెయిచి నకగావా బృందం, పల్సులోని రంగులను కాలక్రమంలో పరచి, ఎరుపు ఒక క్షణం, దాని పక్క రంగు మరొక క్షణం వస్తువును తాకేటట్లు చేసి, రంగుల వారీగా చిత్రాలను విడదీసింది. వారు చేరిన వేగం సెకనుకు 4.4 లక్షల కోట్ల ఫ్రేములు. చక్కని పద్ధతి అయినా, వస్తువు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క విధంగా స్పందిస్తే కాలం వలన వచ్చిన మార్పేదో రంగు వలన వచ్చిన మార్పేదో చెప్పడం కష్టం. చారల పద్ధతిలో చిరునామా రంగు మీద ఆధారపడదు. ఒకే అణువు శోషించే ఒకే రంగును నాలుగు పల్సులకూ వాడుకోవచ్చు. దహనాన్ని పరిశీలించేవారికి ఈ స్వేచ్ఛ ఎంతో విలువైనది.

అదే 2014లో అమెరికాలో లిహాంగ్ వాంగ్ బృందం మరో దారి తొక్కింది. వారి పద్ధతిలో నమూనా వెలుగు మీద ఉండదు. వస్తువు నుండి వచ్చే వెలుగుకు కెమెరా ముందు ఒక యాదృచ్ఛికమైన చుక్కల తెరను అడ్డుపెట్టి, స్ట్రీక్ కెమెరాతో కాలాన్ని పక్కకు సాగదీసి, తరువాత గణనతో చిత్రాలను పునర్నిర్మిస్తారు. సెకనుకు 10,000 కోట్ల ఫ్రేములతో మొదలైన ఆ వంశం 2018లో 10 లక్షల కోట్లకు, 2020లో 70 లక్షల కోట్లకు, కెనడాలో జిన్‌యాంగ్ లియాంగ్ బృందం చేతిలో 2024లో 156.3 లక్షల కోట్లకు చేరింది. వస్తువే స్వయంగా వెలిగేదైతే ఆ పద్ధతి మేలు, ఫ్రేముల సంఖ్య కూడా అక్కడ ఎక్కువ. అయితే కొలిచిన అంకెలకంటే కనుగొనవలసిన అంకెలు ఎక్కువ కావడం వలన, దృశ్యంలో వివరాలు కొద్దిగానే ఉంటాయనే ముందస్తు ఊహ మీద ఆ పునర్నిర్మాణం నిలబడుతుంది. చారల పద్ధతిలో గుణకారం, వడపోత తప్ప మరే ఊహా అక్కరలేదు. వచ్చిన తీవ్రతను కొలతగా తీసుకుని అణువుల సాంద్రత లెక్కించవలసి వస్తే నేను చారలనే ఎంచుకుంటాను.

పై అంకెలను చూసి ఏది గొప్పదో తేల్చవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. సెకనుకు ఇన్ని లక్షల కోట్లు అని చెప్పినా ఏ పద్ధతీ ఒక సెకను పాటు చిత్రీకరించదు. 200 ఫెమ్టోసెకన్ల ఎడంతో నాలుగు చిత్రాలు తీస్తే మొదటి చిత్రం నుండి చివరి చిత్రం వరకు గడిచేది 600 ఫెమ్టోసెకన్లు మాత్రమే, అంతలో కాంతి శూన్యంలో 0.18 మిల్లీమీటర్లు నడుస్తుంది. శ్రీకాకుళం నుండి విజయనగరానికి రావడానికి కాంతికి పట్టే సెకనులో 5,000వ వంతు కాలం దీని ముందు ఒక యుగం. ఫ్రేముల మధ్య ఎడమెంత, ఒక్కొక్క పల్సు నిడివి ఎంత, ఎన్ని ఫ్రేములు, ఒక్కొక్కదానిలో ఎంత సూక్ష్మత మిగిలింది అని నాలుగూ కలిపి అడిగితేనే పోలికకు అర్థముంటుంది. ఎడం పల్సు నిడివికంటే తక్కువైతే పల్సులు ఒకదానిలో ఒకటి చొచ్చుకుని, వ్యతికరణం వలన ఎవరూ వేయని కొత్త చారలు పుడతాయని కూడా గుర్తుంచుకోండి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మొదటిసారి నాలుగు దారుల అమరికను కట్టినప్పుడు అద్దాల మధ్య దూరాలను ఎంతో జాగ్రత్తగా కొలిచాను, కానీ బీమ్ స్ప్లిటర్ గాజు మందాన్ని లెక్కలో చేర్చలేదు. 1.5 వక్రీభవన గుణకమున్న 5 మిల్లీమీటర్ల గాజు పలక ఒక్కొక్కటీ దారిని 2.5 మిల్లీమీటర్లు పెంచుతుంది, కాలంలో అది 8.3 పికోసెకన్లు. ఒక దారిలో కాంతి రెండు పలకలు దాటుతోంది, మరొక దారిలో ఒకటే దాటుతోంది. నేను రెండవదనుకున్న ఫ్రేము నిజానికి చివరిది. ప్లాస్మా ముందు పెరిగి, తరువాత చిన్నదై, మళ్లీ పెరిగినట్లు కనిపించిన ఆ ఫలితానికి భౌతిక కారణం వెతుకుతూ రెండు వారాలు గడిపాను. అప్పటి నుండి ప్రతి జత పల్సులనూ వ్యతికరణంతోనో, సన్నని స్ఫటికంలో రెండవ హార్మోనిక్ పుట్టించో, అవి వస్తువు దగ్గరకు చేరే కాలాన్ని నేరుగా కొలిచిన తరువాతే ప్రయోగం మొదలుపెట్టాను. గాజు మరొక విధంగా కూడా అడ్డుపడుతుంది. 800 నానోమీటర్ల వద్ద 30 ఫెమ్టోసెకన్ల పల్సు 10 మిల్లీమీటర్ల మామూలు క్రౌన్ గాజును దాటేసరికి సుమారు 50 ఫెమ్టోసెకన్లకు సాగిపోతుంది, 125 ఫెమ్టోసెకన్ల పల్సు అయితే చెక్కుచెదరదు. అతి పొట్టి పల్సే ఎప్పుడూ మంచిదన్న తొందరపాటు వద్దు.

మూడవ సందేహానికి సమాధానం: చేయవచ్చు, నిస్సందేహంగా చేయవచ్చు. అసలు ఫెమ్టోసెకను లేజర్లను చూడాలంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికో, ముంబైలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకో, ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రానికో వెళ్లవలసి ఉంటుంది. కానీ చారల చిరునామా సూత్రానికి కాలపు కొలబద్దతో సంబంధం లేదు, సెకన్లలో చేసినా గణితం ఒక్కటే. తరగతి గదిలోని ప్రొజెక్టరును లేజరుగా, చేతి ఫోనును కెమెరాగా పెట్టుకోండి. ప్రొజెక్టరులో 8 పిక్సెళ్లకు ఒక చార చొప్పున, ఒకటి 45 డిగ్రీల వాలుతో, ఇంకొకటి 135 డిగ్రీల వాలుతో రెండు నలుపు తెలుపు చారల స్లైడ్లు, వాటి మధ్య పెట్టడానికి ఒక నల్లని స్లైడు తయారు చేసుకోండి. ప్రొజెక్టరు ఫోకస్‌ను కొద్దిగా, అతి కొద్దిగా, చెదరగొడితే వాలు గీతల మెట్లు నునుపై, హార్మోనిక్‌ల బాధ కూడా తగ్గుతుంది. గదిని చీకటి చేసి, ఫోనును స్టాండుకు బిగించి, ప్రో మోడ్‌లో ఎక్స్‌పోజర్‌ను 4 సెకన్లకు పెట్టండి. మొదటి సెకను 45 డిగ్రీల చారలు ఒక అట్ట మీద పడాలి, రెండవ సెకను నల్లని స్లైడు ఉండగా మీ మిత్రుడు ఆ అట్టను తీసి అదే చోట రెండవ అట్టను నిలపాలి, మూడవ సెకను 135 డిగ్రీల చారలు పడాలి, నాలుగవ సెకను మళ్లీ చీకటి. అట్టలు మెరవని తెల్లనివిగా ఉండాలి.

మొదటి అట్ట మీద పెద్ద 'ద', రెండవదాని మీద పెద్ద 'ధ' రాయమని నా సలహా. ఫోటోలో రెండూ కలిసిపోయి ఉంటాయి. విడదీసిన తరువాత 'ధ' కింది చిన్న గీత కనబడితే మీ సూక్ష్మత చాలినట్లు. చారలను రెట్టింపు ముతకగా చేసి మళ్లీ తీయండి. ఏదో ఒక ముతకదనం దగ్గర ఆ గీత మాయమై రెండు అక్షరాలూ ఒకటే అవుతాయి, ఎక్కడ మాయమైందో రాసుకోండి, పైన చెప్పిన మొదటి ధర అక్కడ మీ చేతికి అంకెగా చిక్కుతుంది. ఫోటోను తప్పనిసరిగా రా ఫైలుగా, అంటే సెన్సర్ కొలిచినది కొలిచినట్లుగా, దాచుకోండి. జేపెగ్‌లో ఫోను తీవ్రతను వంచి, నునుపు చేసి, కుదించి పెడుతుంది కాబట్టి రెండు చిత్రాల కూడిక కూడికగా మిగలదు, చారలు ఒకదానితో ఒకటి గుణించుకుని కొత్త చిరునామాలు పుడతాయి. విడదీయడానికి ఉచితంగా దొరికే ఆక్టేవ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ చాలు, ఫోరియర్ తలాన్ని కంటితో చూడడానికి ఇమేజ్‌జె అనే చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది.

గది పూర్తిగా చీకటి కాకపోతే కంగారు పడవద్దు. కిటికీ సందు నుండి వచ్చిన వెలుగుకు చారలు లేవు గనుక అది నడిమధ్యనే ఉండిపోయి మీ చిత్రాల్లోకి రాదు, ఒడిదుడుకును మాత్రం కొంత పెంచుతుంది. ఫలితం వచ్చిన తరువాత రెండు స్లైడ్ల క్రమాన్ని తారుమారు చేసి మరొకసారి తీయండి. 45 డిగ్రీల చిరునామాలో ఈసారి 'ధ' రావాలి. అలా రాకపోతే మీరు విడదీసినది క్షణాలను కాదు, అట్టలోనో ప్రొజెక్టరులోనో ఉన్న మరేదో అల్లికను. అప్పుడు అట్టలు లేకుండా ఖాళీ గోడ మీద ఒక ఫోటో తీసి, దాని ఫోరియర్ తలంలో ఏయే చుక్కలు వెలుగుతున్నాయో చూసి, చారల వెడల్పును వాటికి దూరంగా జరుపుకోండి.